పొడి తాగినవా నాయినమ్మా?

రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు ఊరికి ఫోన్ చేసేవాణ్ని. ఆఫీసు నుంచి బయటపడి రాయదుర్గంలో మెట్రో ఎక్కే టైమ్ అది. ఆ చివర నర్సింహులపేటలో మా ఇంటి అరుగు మీద నాయినమ్మ. మాట్లాడేది రెండు నిమిషాలే.

“పొడి తాగినవా నాయినమ్మా?”

“తాగిన బిడ్డా.”

“రెండు చెంచాలు ఏసుకున్నవా?”

“రెండే ఏసుకున్న. నీ పైసలు ఖరాబ్ చేస్తనా?”

అంతే. నా ఫోన్‌లో ఒక షీట్ ఉండేది. ఆ రోజు తేదీ ఎదురుగా ‘20 గ్రాములు’ అని కొట్టి, సీటు దొరికితే కళ్లు మూసుకునేవాణ్ని. రెండు నెలల్లో ఆ షీట్‌లో ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. దసరాకు ఇంటికి పోయి చూస్తే, నాయినమ్మ గాజులు మణికట్టు దగ్గర నిలవట్లేదు. చెయ్యెత్తితే మోచేతి దాకా జారుతున్నాయి.

షీట్‌లో తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నా. మీలో కూడా చాలామంది ఊళ్లో ఉన్న అమ్మకో, తాతకో ఇలాంటి డబ్బా ఒకటి పంపే ఉంటారు.

నాయినమ్మకు డెబ్బై దాటాయి. ఎన్ని దాటాయో ఆమెకూ తెల్వదు. వానాకాలం మొదట్లో జ్వరం వచ్చింది. పది రోజుల్లో తగ్గింది కానీ నీరసం, మోకాళ్ల నొప్పులు మాత్రం పోలేదు. మంచం మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాల్సిందే. 48 కిలోల మనిషి 45కు వచ్చింది. అమ్మ, బాపు పొద్దున్నే పత్తి చేనుకు పోతే మళ్లీ చీకటి పడ్డాకే ఇంటికి చేరేది. మధ్యాహ్నం నాయినమ్మ ఒక్కతే పెట్టుకుని తినాలి. “నోరంత చేదున్నది, బుక్క దిగుతలేదు” అనేది.

నేను జిమ్‌కు పోయే బ్యాచ్. ప్రొటీన్ అనగానే నాకు గుర్తొచ్చేది డబ్బా, స్కూప్, షేకర్. వే ప్రొటీన్ పంపుదామంటే ఆమెకు పాలవాసన పడదు. సరిగ్గా అప్పుడే ఒక రీల్ కనబడింది. ‘చేపల నుంచి తీసిన స్వచ్ఛమైన ప్రొటీన్. కీళ్లకు, కండరాలకు, ఎముకలకు.’ వాసన లేదు, ముల్లు లేదు, గోరువెచ్చని నీళ్లలో ఇట్టే కరుగుతుంది. చేప మంచిదని చిన్నప్పటి నుంచి వింటున్నదే. మిరుగం నాడు చేప తినకుంటే ఏడాదంతా దగ్గుతారని మమ్మల్ని కూర్చోబెట్టి తినిపించిన మనిషి నాయినమ్మే. ఆమెకు చేప ప్రొటీన్ కంటే నప్పేది ఏముంటుంది అనుకున్నాను. పావుకిలో డబ్బా 1,900 రూపాయలు. ఆర్డర్ పెట్టేశాను. రోజుకు 20 గ్రాముల లెక్కన డబ్బా రెండు వారాలు కూడా రాదు. అయినా తెప్పిస్తూనే ఉన్నాను.

లెక్క కూడా పక్కాగా వేశాను. ఐసీఎంఆర్ చెప్పిన ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 45 కిలోలకు దాదాపు 37 గ్రాములు. అన్నం, పప్పుచారు, మజ్జిగ, చాయ్‌లో పాలు అన్నీ కలిపి ఎంత తక్కువ వేసుకున్నా 15 గ్రాములైనా వస్తాయి. డబ్బా నుంచి 20. మొత్తం 35. కొంచెం అటూఇటూగా సరిపోయింది. షీట్‌లో ఆ గడికి పచ్చరంగు వేశాను.

దసరా మరునాడు ఆమెను వరంగల్ తీసుకుపోయాను. డాక్టర్ గారు ముందు రిపోర్టులు అడగలేదు. చేతులు ఛాతీ మీద పెట్టుకుని, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమన్నారు. నాయినమ్మ రెండుసార్లు లేచింది. మూడోసారి చెయ్యి దానంతట అదే కుర్చీ కోడు మీదికి పోయింది. పదిహేను సెకన్లలోపు ఐదుసార్లు లేవలేకపోతే కాళ్లలో కండబలం తగ్గినట్టు అనుమానించాలట. ఆమె వయసు వాళ్లలో జ్వరం వచ్చి మంచాన పడితే కండ చాలా తొందరగా కరుగుతుందట.

“ఏం తింటున్నారు?” అని అడిగారు. నేను కొంచెం గర్వంగానే ఫోన్ తీసి షీట్ చూపించాను. ఆయన డబ్బా ఫొటో అడిగారు. వెనకవైపు లేబుల్ పెద్దగా చేసి చూసి, “ఇది కొల్లాజెన్ బాబూ. ఈ ఇరవై తీసెయ్. ఇప్పుడు ఎంత మిగిలింది?” అన్నారు.

పదిహేను మిగిలింది.

అది కూడా నిజంగా పదిహేనేనా అని అనుమానం వచ్చి, ఇంటికొచ్చాక నాయినమ్మను మెల్లగా అడిగాను. అప్పుడు బయటపడింది అసలు కథ. పొడి తాగితే కడుపు నిండినట్టు ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం అన్నం సగం చేసింది. ఇంతకుముందు రోజు విడిచి రోజు గుడ్డు తినేది, అది మానేసింది. ఆదివారం చేపల కూర వండితే చారు మాత్రం పోసుకునేది.

“ఎందుకు నాయినమ్మా?”

“డబ్బల తాకతున్నది గద బిడ్డా. అంత పిరమైన మందు తాగుతున్న. ఇంక నాకు గుడ్డెందుకని చిన్నదానికి పెట్టుమన్న.”

చిన్నది అంటే మా అక్క బిడ్డ. అమ్మ పక్కనే నిలబడి వింటోంది. “నాకు తెల్వనే తెల్వదు అత్తమ్మా” అని మెల్లగా అని లోపలికి పోయింది. ఆ రోజు ఇంట్లో ఎవరి తప్పూ ఎవరూ ఎత్తలేదు. నాకు మాత్రం తెలుసు. రెండు నెలల్లో అరవై సార్లు ఫోన్ చేశాను. ఒక్కసారి కూడా ‘ఇయ్యాల ఏం తిన్నవ్’ అని అడగలేదు.

అప్పటి నుంచి ఆ లేబుల్‌ను అర్థం చేసుకునే పని మొదలుపెట్టాను. ప్రొటీన్ అంటే ఒకే పదార్థం కాదు. 20 రకాల అమైనో ఆమ్లాలు దండలా గుచ్చుకుని తయారవుతుంది. వాటిలో తొమ్మిదింటిని మన ఒళ్లు సొంతంగా చేసుకోలేదు. తిండి నుంచే రావాలి. ఆ తొమ్మిదిలో ఒకటి ట్రిప్టోఫాన్. కొల్లాజెన్‌లో అది అసలు ఉండదు. మా పనిలో ఒక్క ఫైల్ మిస్సయితే మొత్తం బిల్డ్ ఫెయిల్ అవుతుంది. కండ కట్టే పని కూడా అలాంటిదే. అందుకే ప్రొటీన్ నాణ్యతకు మార్కులు వేసే పద్ధతిలో గుడ్డుకు, పాలకు ఒకటికి ఒకటి వస్తే, ఒంటరిగా తీసుకున్న కొల్లాజెన్‌కు సున్నా వస్తుంది. కండ కట్టమని ఒంటికి సిగ్నల్ ఇచ్చే ల్యూసిన్ కూడా అందులో బాగా తక్కువ.

చేపలో ఇంత మంచి ప్రొటీన్ ఉంటే చేప పొడిలో ఎందుకు లేదు? ఎందుకంటే ఆ పొడి మనం తినే చేప నుంచి రాదు. ఫ్యాక్టరీలో చేపను కోసి మాంసం ప్యాక్ చేశాక తోలు, పొలుసు, ఎముకలు మిగులుతాయి. వాటిని ఉడికించి, ఎంజైములతో చిన్న చిన్న ముక్కలుగా విరగ్గొట్టి, ఎండబెడితే తెల్లటి పొడి వస్తుంది. పారేసేదాన్ని వాడుకోవడం మంచి పనే. మోకాళ్ల నొప్పుల మీద, చర్మం మీద జరిగిన కొన్ని చిన్న ట్రయల్స్‌లో కొల్లాజెన్‌తో కొంత ఫలితం కనిపించింది కూడా. కాబట్టి అది విషమూ కాదు, మోసమూ కాదు. కానీ అన్నం పక్కన కూరలా, గుడ్డు బదులు గుడ్డులా లెక్క వేసుకునే సరుకు మాత్రం కాదు. నేను వేసిన లెక్క అదే.

మరి లేబుల్ మీద ‘ప్రొటీన్ 90 శాతం’ అని ఎలా రాస్తారు? అది అబద్ధం కూడా కాదు. మామూలుగా ల్యాబ్‌లో ప్రొటీన్‌ను నేరుగా కొలవరు. అందులోని నైట్రోజన్‌ను కొలిచి ఒక అంకెతో, చాలావరకు 6.25తో గుణిస్తారు. జెల్డాల్ అనే డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త 1883లో కనిపెట్టిన పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. అది ఎంత నైట్రోజన్ ఉందో చెబుతుంది. ఆ నైట్రోజన్ ఏ అమైనో ఆమ్లానిదో చెప్పదు. 2008లో చైనాలో నీళ్లు కలిపిన పాలలో మెలమైన్ వేసి పట్టుబడింది ఈ సందులోనే. మెలమైన్‌లో నైట్రోజన్ ఎక్కువ కాబట్టి పరీక్షలో ప్రొటీన్ బాగా ఉన్నట్టే కనబడింది. ఆ పాలపొడి తాగిన పసిపిల్లలు ఆరుగురు చనిపోయారు.

మన దగ్గర కూడా లేబుళ్లను గుడ్డిగా నమ్మే పరిస్థితి లేదు. కేరళకు చెందిన డాక్టర్ల బృందం దేశంలో దొరికే 36 ప్రొటీన్ పొడులను ల్యాబ్‌లో పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించింది. దాదాపు 70 శాతం వాటిల్లో లేబుల్ మీద రాసిన ప్రొటీన్‌కు, లోపల ఉన్నదానికి పొంతన లేదు. అదే ఏడాది మే నెలలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేస్తూ, కండలు పెంచడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దని తేల్చి చెప్పింది. అది చదివినప్పుడు నా షేకర్ బాటిల్ నా టేబుల్ మీదే ఉంది.

ఇక్కడ ఒక మాట. చేప పేరుతో అమ్మేవన్నీ ఒకటి కావు. మార్కెట్లో ముఖ్యంగా మూడు రకాలు కనబడతాయి. మొదటిది నేను పంపిన కొల్లాజెన్. రెండోది చేప మాంసం నుంచే చేసిన ప్రొటీన్ పొడి. ఇది పూర్తి ప్రొటీనే. తొమ్మిది అమైనో ఆమ్లాలూ ఉంటాయి, తొందరగా అరుగుతుంది. నమలలేని, మింగలేని వాళ్లకు, పాల ప్రొటీన్ పడనివాళ్లకు డాక్టర్ చెబితే ఉపయోగపడుతుంది. అయితే కొంచెం చేదుగా ఉంటుంది, మన షాపుల్లో అరుదు. మూడోది చేప నూనె గోళీ. చాలామంది దీన్నీ ప్రొటీన్ అనుకుంటారు. అది నూనె. దాంట్లో ఉండేవి ఒమేగా-3 కొవ్వులు. చుట్టూ ఉన్న జిలటిన్ పొరను వదిలేస్తే ప్రొటీన్ ఏమీ ఉండదు. డబ్బాల మీద మాత్రం మూడింటికీ ఒకే నీలిరంగు సముద్రం, అదే ఎగిరే చేప.

చేపను పొడి చేసి ప్రపంచం ఆకలి తీర్చాలన్న ఆలోచన కొత్తది కూడా కాదు. 1960ల్లో దీని మీద పెద్ద ఆశలు ఉండేవి. పేద దేశాల పిల్లలు బక్కచిక్కడానికి ప్రొటీన్ లోటే కారణమని అప్పట్లో గట్టిగా నమ్మారు. అమెరికాలో మొత్తం చేపను రుబ్బి, ఆల్కహాల్‌తో కొవ్వు, నీళ్లు, వాసన లాగేసి ‘ఫిష్ ప్రొటీన్ కాన్సంట్రేట్’ తయారు చేశారు. రుచీ వాసనా లేని పొడి. దాదాపు 80 శాతం ప్రొటీన్, అదీ మంచి నాణ్యతది. 1967లో అక్కడి ఎఫ్‌డీఏ షరతులతో అనుమతి ఇచ్చింది. ఎముకలతో సహా రుబ్బుతారు కాబట్టి ఫ్లోరైడ్ ఎంత ఉండొచ్చో పరిమితి పెట్టింది. ఫ్లోరైడ్ మనుషుల్ని ఏం చేస్తుందో పక్కనే నల్లగొండను చూసిన మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. చివరికి ఆ పొడి నిలబడలేదు. ఖర్చు ఎక్కువ, నీళ్లలో కరగదు, నోట్లో ఇసుకలా తగులుతుంది.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకో వైపు నుంచి వచ్చింది. ఉప్పల్‌లో ఊరి బస్సు ఎక్కడానికి పోతూ నేను ఎన్నిసార్లు దాటానో లెక్కలేదు, తార్నాకలోని ఆ పోషకాహార సంస్థను. 1960ల్లో దానికి డైరెక్టర్‌గా ఉన్న డాక్టర్ సి. గోపాలన్ మన పిల్లలు నిజంగా ఏం తింటున్నారో సర్వేలు చేయించారు. తేలింది ఏమిటంటే, చాలామంది పిల్లలకు మొదటి కరువు ప్రొటీన్ కాదు, తిండే. అదే అన్నం, అదే పప్పు కడుపునిండా తింటే ప్రొటీన్ లోటు కూడా చాలావరకు తీరుతుంది. తిండి చాలకపోతే మాత్రం ఒళ్లు లోపలికొచ్చిన ప్రొటీన్‌ను కండ కట్టడానికి దాచుకోదు, పొయ్యిలో కట్టెలా కాల్చేసుకుంటుంది. 1974లో డొనాల్డ్ మెక్లారెన్ అనే డాక్టర్ లాన్సెట్ పత్రికలో ఈ ‘ప్రొటీన్ లోటు’ ప్రచారాన్నంతా పెద్ద వైఫల్యంగా తేల్చి రాశాడు.

ఇది చదివాక నా షీట్‌లో రెండో తప్పు దొరికింది. అందులో నేను కేలరీల గడే పెట్టలేదు. నాయినమ్మ తిన్న సగం అన్నం, చారు, రెండు చాయ్‌లు కలిపితే రోజుకు వెయ్యి కేలరీలు కూడా కావు. అలాంటప్పుడు నేను కొల్లాజెన్ బదులు ఎంత మంచి ప్రొటీన్ పంపినా అందులో చాలా భాగం కాలిపోయేదే. ఆమెకు తక్కువైంది ఒక పొడి కాదు, ఒక పూట కూడు. పైగా జ్వరం నుంచి లేచిన ముసలివాళ్లకు 0.83 చాలదు. వృద్ధుల పోషణ మీద పనిచేసే నిపుణులు కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు ఉండాలంటారు. అంటే ఆమెకు కావాల్సింది 45 నుంచి 54 గ్రాములు. అందుతున్నది 15, ఇంకా తక్కువేనేమో.

డాక్టర్ గారు క్రియాటినిన్ పరీక్ష చేయించి, కిడ్నీలు బాగున్నాయని చూశాకే తిండిలో ప్రొటీన్ పెంచమన్నారు. ఇది మర్చిపోవద్దు. షుగర్, బీపీ ఏళ్లుగా ఉన్న పెద్దవాళ్లకు కిడ్నీ దెబ్బతిన్న సంగతి బయటికి తెలియకపోవచ్చు. అలాంటి ఒంటికి ఎక్కువ ప్రొటీన్ భారమవుతుంది. పరీక్ష లేకుండా ఏ డబ్బా పంపినా గుడ్డెద్దు చేన్లో పడ్డట్టే.

మరి ఏం పెట్టాలి? ఆ ప్రశ్నకు జవాబు మా ఊరి చెరువు కట్ట మీదే ఉంది. మాది ఒకప్పుడు వరంగల్ జిల్లా. 2016 అక్టోబర్ 11 నుంచి మహబూబాబాద్ జిల్లా. మా దిక్కు ఊరికో చెరువు. 2015లో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీశారు, ఆ తర్వాత ఏడాది నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను పోయడం మొదలుపెట్టింది. సొసైటీ వాళ్లు చెరువు పడుతున్నారంటే ఊరంతా గిన్నెలతో కట్ట మీదే ఉంటుంది. రవ్వ, బొచ్చె, బంగారుతీగ కుప్పలు పోసి అమ్ముతారు. ఎవరికన్నా కొర్రమట్ట దొరికితే ఆ రోజు వాళ్లది. మన రాష్ట్ర చేప కూడా అదే.

మన చెరువు చేపల్లో వంద గ్రాముల మాంసానికి 16 నుంచి 20 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అదీ పూర్తి ప్రొటీన్. ఇంకో సంగతి నాకు భలే నచ్చింది. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. చేపలో అది దండిగా ఉంటుంది. అన్నంలో చేపల పులుసు కలుపుకున్నప్పుడు ఒకదాని లోటును ఇంకోటి పూడుస్తుంది. పప్పన్నం కూడా ఇదే పని చేస్తుంది. చేపతో పాటు వచ్చే విటమిన్ బి-12, సెలీనియం లాంటివి ఆ తెల్ల పొడిలో లెక్కకు కూడా రావు. ఒక్క విషయం ఒప్పుకోవాలి. ఒమేగా-3 విషయంలో మన చెరువు చేపలు సార్డైన్, మాకెరల్ లాంటి సముద్రపు నూనె చేపలకు సాటి రావు.

పైసల లెక్క కూడా వేశాను. మా దగ్గర నేను కొన్న రవ్వ కిలో 180 రూపాయలు. తల, పొలుసు, ముల్లు పోగా సగానికి పైగా మాంసం మిగులుతుంది. అంటే గ్రాము ప్రొటీన్ సుమారు రెండు రూపాయలు పడింది. ఏడు రూపాయల గుడ్డులో ఆరు గ్రాములకు పైగా ఉంటుంది, కాబట్టి గ్రాము రూపాయి చిల్లర. కందిపప్పు అయితే రూపాయి లోపే. నేను పంపిన డబ్బాలో గ్రాము ఎనిమిది రూపాయల పైమాట, అదీ ట్రిప్టోఫాన్ లేకుండా. చిన్నదానికి పోయిన గుడ్డు నాయినమ్మకు అందాల్సిన మంచి ప్రొటీన్. దాని బదులు ఆమె కడుపులోకి పోయింది చేప పొలుసు.

కానీ లెక్క కుదిరితే బుక్క దిగదు కదా. నాయినమ్మకు పళ్లు సగం లేవు, కళ్లు సరిగ్గా ఆనవు. రవ్వ చేపలో సన్న ముళ్లు ఏరుకునే ఓపిక లేదు. అందుకే చారు మాత్రం పోసుకునేది. దీనికి దారి కూడా ఆమే చూపించింది.

“ఎండు పరకలు తెచ్చిపెట్టు బిడ్డా, పొడి నేనే కొడ్త” అంది.

తొర్రూరు అంగడిలో పావుకిలో ఎండు పరకలు తెచ్చాను. తలలు తుంచి, ఇసుక పోయేలా రెండుసార్లు వేడి నీళ్లలో కడిగి, ఎండలో ఆరబెట్టింది. మట్టి పెంక మీద కరకరలాడేదాకా వేయించింది. ఎండు మిరపకాయలు, జీలకర్ర, ఎల్లిపాయ, కొంచెం చింతపండు వేసి రోట్లో నేను దంచాను, ఆమె పక్కన కూర్చుని చెప్పింది. ముల్లు కూడా పొడిలో కలిసిపోయింది. వేడన్నంలో రెండు చెంచాల పొడి, నెయ్యి చుక్క. రెండు నెలల తర్వాత ఆమె మారు అన్నం పెట్టించుకుంది.

ఎండిన చేపలో నీళ్లు పోతాయి కాబట్టి బరువులో సగానికి అటూఇటూగా ప్రొటీనే ఉంటుంది. రెండు పెద్ద చెంచాల పొడిలో ఆరేడు గ్రాములు. ముల్లుతో సహా తింటాం కాబట్టి కాల్షియం అదనం. బంగ్లాదేశ్‌లో షకుంతల థిల్‌స్టెడ్ అనే శాస్త్రవేత్త ఇలాంటి చిన్న చేపల మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. చిన్న చేపల్ని తల, ముళ్లతో సహా తింటే పిల్లలకు, గర్భిణులకు విటమిన్-ఎ, ఐరన్, జింక్, కాల్షియం అందుతాయని చూపించారు. బాలింతలకు చేపల చట్నీ, పసిపిల్లలకు చేపల పొడి తయారు చేయించారు. ఆ పనికి 2021లో ఆమెకు ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. నాయినమ్మ తలలు తుంచేస్తుంది, ఎండలో ఆరబెడుతుంది కాబట్టి విటమిన్-ఎ కొంత పోతుంది. ముల్లు మాత్రం ఉంటుంది. ఆ సంగతి చెబితే, “తలకాయలు చేదు బిడ్డా, నువ్వే తిను” అంది.

ఎండు చేపకూ జాగ్రత్తలున్నాయి. ఉప్పు పట్టించిన సముద్రపు చేపలు బీపీ ఉన్నవాళ్లకు మంచివి కావు. ఉప్పు లేకుండా ఎండిన పరకలు చూసి తీసుకోవాలి. బూజు, పాడు వాసన ఉంటే వదిలేయాలి. చేప పడనివాళ్లు ముట్టుకోవద్దు. వాళ్లు చేప కొల్లాజెన్ కూడా ముట్టుకోవద్దు, ఈ ముక్క డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. చేప తినని ఇళ్లలో గుడ్డు, పాలు, పెరుగు, పప్పు, పల్లీలు, సోయా ఉన్నాయి. ఏ ఇంటికైనా దారి ఉంది.

ఇప్పుడు నాయినమ్మ తిండి ఇలా నడుస్తోంది. పొద్దున చాయ్‌తో బిస్కెట్ బదులు ఉడకబెట్టిన గుడ్డు, మెత్తగా నలిపి, మిరియాల పొడితో. మధ్యాహ్నం అన్నంలో పరకల పొడి లేదా గట్టి పప్పు. సాయంత్రం ఇంకో గుడ్డో, పల్లీలు బెల్లమో. రాత్రి గిన్నెడు పెరుగన్నం. ఆదివారం చేప. కూర దించాక అమ్మ ముళ్లు తీసి పెడుతుంది, కొర్రమట్ట దొరికితే ఆ పని కూడా ఉండదు, దానికి సన్న ముళ్లుండవు. మొత్తం 45 గ్రాములకు దగ్గర పడుతుంది. దీంతో పాటు డాక్టర్ గారు చెప్పిన పని ఇంకోటి ఉంది. పూటకు పదిసార్లు కుర్చీలోంచి లేచి కూర్చోవాలి. వాడని కండకు ఎంత పెట్టినా నిలవదు. చిన్నది ఎదురుగా నిలబడి లెక్కపెడుతుంది. నాయినమ్మ ఎనిమిది దగ్గరే ఆపితే ఒప్పుకోదు.

దసరాకు 42 కిలోలు ఉన్న మనిషి సంక్రాంతికి 44న్నర అయింది. మోకాళ్ల నొప్పి ఇంకా ఉంది, కానీ లేవడానికి గోడ పట్టుకోవట్లేదు. ఇది ఒక్క చేప పొడి మహిమ అని చెప్పను. అన్నం పెరిగింది, గుడ్డు తిరిగొచ్చింది, ఒళ్లు కదిలింది, మధ్యాహ్నం తినేటప్పుడు పక్కన మనిషి ఉంటోంది. పత్తి ఏరడం అయ్యేదాకా బాపు మధ్యాహ్నం ఇంటికొచ్చి ఆమెతో కలిసి తిని పోయాడు. ఏది ఎంత పనిచేసిందో నా షీట్‌లో విడదీసి చూపలేను.

మీకు ఎవరికైనా డాక్టరే పొడి రాస్తే తప్పకుండా వాడండి. కొనేముందు డబ్బా తిప్పి చూడండి. చేప మాంసం నుంచి చేసిందా, తోలు పొలుసు నుంచా? అమైనో ఆమ్లాల పట్టిక ఉందా, అందులో ట్రిప్టోఫాన్ పక్కన సున్నా ఉందా? ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉందా? వీటికంటే ముందు చూడాల్సింది ఇంకోటుంది. ఆ పొడి వాళ్ల పళ్లెంలోకి అదనంగా వస్తోందా, లేక పళ్లెంలోంచి దేన్నయినా తీసేస్తోందా? అది లేబుల్ మీద ఉండదు. అడిగితేనే తెలుస్తుంది.

ఇప్పటికీ రాత్రి ఎనిమిదిన్నరకే ఫోన్ చేస్తా. రెండు నిమిషాల్లో అయిపోవట్లేదు.

“ఇయ్యాల ఏం తిన్నవ్ నాయినమ్మా?”

“పొద్దుగాల గుడ్డు తిన్న. పగటీలి మీ బాపు, నేను పప్పుల మామిడికాయేసి తిన్నం. నువ్వేం తిన్నవ్ బిడ్డా?”

అప్పటికి నేను ఏమీ తిని ఉండను. చెబితే తిడుతుంది. తిట్టించుకుని, స్టేషన్ దిగి, దారిలో రెండు గుడ్లు కొనుక్కుని రూమ్‌కు పోతాను.